ఆమెన్ అనని ఆదివారం

గంగులమ్మకు బాప్తిస్మంలో రూతు అని పేరు పెట్టారు గానీ, కోలారు బంగారు గనుల పక్కన, మారికుప్పం కార్మికుల లైన్లలో ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు. మొగుడు గనిలో ట్రాలీలు తోసేవాడు. గని మూసేసిన కొన్నేళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పటినుంచి ఆమె రోజూ రైలెక్కి బెంగళూరులో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేది. రైల్లో ఆడవాళ్ల పెట్టెలో ప్రార్థన నడిపేది ఆమే. పెద్ద గొంతు. ఆ గొంతులో సందేహం అనేది ఎవరికీ ఎప్పుడూ వినబడలేదు.

కంపెనీ మాట తప్పింది. సర్కారు మాట తప్పింది. గని మళ్లీ తెరిపిస్తామని ఓట్లకు వచ్చినవాళ్లు ప్రతిసారీ మాట తప్పారు. "దేవుడొక్కడే తప్పలేదు," అనేది గంగులమ్మ. "చెదిరిపోయిన ఇశ్రాయేలోళ్లని మళ్లీ వాళ్ల దేశానికి తెచ్చినాడా లేదా? వాళ్లకిచ్చిన మాట నిలబెట్టినోడు నన్ను ఇడిసిపెడతాడా?" చెల్లెలు వినుతకు ఆ దేశంలో ఒక ముసలామెను చూసుకునే పని దొరికి, పోదామా వద్దా అని భయపడుతుంటే, వెన్నుతట్టి పంపింది ఆమే. "దేవుడు కావలుండే దేశం. పోమ్మా."

ఆమె మొగుడికి అన్న పిల్లప్ప. ఆమె వెళ్లే చర్చిలోనే పెద్ద, అతనూ రోజూ రైల్లో పోయొచ్చే బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. అదే గని మూత అతనికి వేరే పాఠం నేర్పింది. "రేపు ఈ క్వార్టర్సు ఖాళీ చెయ్యమంటే మనకి కడుపులో ఎట్లుంటాది? అక్కడ ఇండ్లు పోగొట్టుకున్న అరబ్బోళ్లకీ అట్లే గదమ్మా. ఆ నేల ఇస్తానని దేవుడు అబ్రాహాముకిచ్చిన మాట క్రీస్తులో నెరవేరింది. ఒక గవర్నమెంటు చేసేదంతా దేవుడి పనే అంటే నేనొప్పను" అనేవాడు. ఆమె ఇంట్లో సంగటి తింటూనే వాదించేవాడు. ఆమె వాదిస్తూనే ఇంకో ముద్ద వేసేది.

2023 అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైంది. శనివారం మధ్యాహ్నం నుంచి వినుత ఫోను పలకలేదు. ఆదివారం గుడిలో పాస్టరయ్య గంగులమ్మను ప్రార్థించమన్నాడు. ఆమె కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. మొదట చెల్లెలి కోసం అడిగింది. తర్వాత గొంతు పెరిగింది.

"నీ జనాంగం మీద చెయ్యెత్తినోళ్లని బూడిద చెయ్యి స్వామీ! వాళ్ల పట్నాల్లో ఒక్క దీపం మిగలనీకు!"

"ఆమెన్!" అంది గుడంతా.

పిల్లప్ప లేచి నిలబడ్డాడు. "ఈ ప్రార్థనకి నేను ఆమెన్ అనను. ఆ పట్నాల్లో పసిబిడ్డలుండారు."

బెంచీలు కదిలాయి. ఎవరో "కూచో పెద్దాయనా" అని అరిచారు. గంగులమ్మ వెనక్కి తిరిగింది. "నా చెల్లెలు యాడుందో తెలీదు. ఇప్పుడా బావా, నువ్వు నాకు బైబిలు చెప్పేది?"

"చెల్లెల్ని పంపింది ఎవురు?" అన్నాడు పిల్లప్ప. "దేవుడు కావలుంటాడని నువ్వే గదా పంపినావు!"

 గంగులమ్మ బైబిలు కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

ఆ వారం రైల్లో ఆమె ప్రార్థన నడపలేదు. పాస్టరయ్య వేదిక పక్కన ఇశ్రాయేలు జెండా కట్టించాడు. పిల్లప్పను నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభురాత్రి భోజనం దగ్గరికి రావద్దన్నాడు. "దేవుని జనాన్ని శపించినోడికి ఈ బల్ల మీద భాగం లేదు" అని గుడి మెట్ల మీదే చెప్పాడు. అతను ఎవరినీ శపించలేదని తెలిసినవాళ్లు కూడా నోరు విప్పలేదు.

చివరికి వినుత ఫోను చేసింది. గంగులమ్మ ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీంచి లేచి గోడవారకు పరుగెత్తింది.

"బాగుండానక్కా. అవ్వ మనవడు చచ్చిపోయినాడు. అవ్వ ఒక పూట వాళ్లని నాశనమైపోవాలని తిడతాది, ఒక పూట ఇంగ ఎవురి బిడ్డా చావకూడదని ఏడస్తాది. మందులంగట్లో ఉండే అరబ్బీ అబ్బాయి మన మాదిరి యేసయ్యని నమ్మినోడే. వాళ్లత్త గాజాలో చర్చిలో దాక్కోనుండాదంట. ఆయప్ప నన్ను ప్రార్థన చెయ్యమని అడిగినాడు. అవ్వా అడగతాది. ఏమని చెయ్యాలక్కా? నువ్వు చెప్పు."

చిన్నప్పటినుంచి వినుత ఏది అడిగినా గంగులమ్మ దగ్గర వచనం సిద్ధంగా ఉండేది. 

"తెలీదమ్మా. నాకూ తెలీదు."

సాయంత్రం రైలు దిగి, తిన్నగా పిల్లప్ప ఇంటికి పోయింది. అతను గడపలోనే నిలబడిపోయాడు.

"వినుత పలికింది బావా."

అతను పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు. "ఆ మాట నేను అనకూడదమ్మా. న్యాయం చెప్పాలని లేసినాను. గెలవాలని మాట్లాడినాను."

"నాకు ఇంగా మంటగానే ఉండాది."

"ఉండనీ."

"నా నమ్మకమూ మారలేదు. ఇశ్రాయేలుకిచ్చిన మాట దేవుడు తప్పడు."

"అబ్రాహాము ఎడారికి తరిమిన హాగరు బిడ్డ, ఆ అరబ్బోళ్ల మూలపురుషుడు, ఏడిస్తే అదీ ఆయనే విన్నాడు గదమ్మా."

"విన్నాడు," అందామె. 

తర్వాతి ఆదివారం పాస్టరయ్య గిన్నె పట్టుకొని వరుస వెంట వచ్చాడు. పిల్లప్ప వెనక బెంచీలో తలవంచుకొని ఉన్నాడు. గంగులమ్మ చేతులు చాపలేదు.

"తీసుకోమ్మా."

"మా బావకి ఇయ్యకుంటే నాకూ వద్దయ్యగారూ."

"ఆయన తప్పు బోధ చేస్తాడని నువ్వే అంటావు గదా!"

"అంటాను. ఇప్పుడూ అంటాను."  "అయితే నాది తప్పు కాదని యేసయ్య వచ్చి నాకు చెప్పలేదు. చదివింది నేను, అర్థం చేసుకొనింది నేను. నా బుర్రకి ఎంత దక్కిందో ఆయనకే తెలుసు. వాళ్లందరూ బూడిద కావాలని నోరారా అడిగినాను. అట్లా అడిగిన నాకు గిన్నె ఇస్తారు, ఆమెన్ అనలేదని ఆయనకి ఇయ్యరా?"

పాస్టరయ్య గిన్నె వెనక్కి లాక్కున్నాడు. ఆమెను దాటి తర్వాతి మనిషి దగ్గరికి పోయాడు. గుడి బయట ఇద్దరు ఆడవాళ్లు ఆమెతో మాట్లాడకుండా పోయారు. అందులో ఒకామె రోజూ రైల్లో పక్కన కూర్చునే మునిలక్ష్మమ్మ.

క్రిస్మసుదాకా అలాగే సాగింది. ప్రతి నెలా గిన్నె వచ్చేది, గంగులమ్మ చేతులు ఒళ్లోనే ఉండేవి. క్రిస్మసునాడు పాస్టరయ్య వెనక బెంచీదాకా నడిచి, పిల్లప్ప ముందు ఆగి గిన్నె అందించాడు. జెండా మాత్రం తీయలేదు. దాన్ని తీయమని గంగులమ్మ అడగనూలేదు. ఆమెకు అది ఇష్టమే.