నాన్న నవ్వలేదు

ఏళ్ళ తరబడి ఒక నవ్వును మోస్తున్నాను. అది మా నాన్నదని అందరికీ చెప్పాను. కాదు. ఈ ముక్క ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మీతోనే మొదట అంటున్నాను.

మీరు సినిమాలు చూసేవారైతే నేను చచ్చిపోతుండగా ఒక్కసారైనా చూసే ఉంటారు. పేరు గుర్తుండకపోవచ్చు. ముఖం గుర్తుంటుంది. హీరో తండ్రిగా పోయాను, హీరోయిన్ తాతగా పోయాను, బడిపంతులుగా, ఆటో డ్రైవరుగా, ఒకసారి గర్భగుడి ముందు పూజారిగా కూడా పోయాను. కొత్త దర్శకులు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, "ఇంటర్వెల్‌కి ముందు మీరు పోతారండి" అంటారు. ఆమధ్య రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్లో ఒకాయన గెలల మధ్య నుంచి కేకేశాడు. "ఏవండీ, ఈసారైనా ఆఖరిదాకా ఉంటారా? మీరు తెరమీద కనపడగానే మా ఆవిడ ముందే కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంటోందండీ!" చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గర్వంగానే నవ్వాను. దాచుకోవడం ఎందుకు? ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. తెరమీద కళ్ళు మూసుకుని పడుకోవడం ఎవరైనా చేస్తారు. చూసేవాడికి తన ఇంట్లో మనిషి పోయినట్టు అనిపించాలి. అది నాకు వచ్చు.

ఇదంతా ఒక్క సినిమాతో మొదలైంది. గోదావరి లంకలో అరటితోట వేసుకుని బతికే ఒక ముసలాయన కథ అది. ఏటేటా నది గట్టును కోసుకుపోతుంటుంది. తోట సగానికి వస్తుంది. చివరికి ఆయనా పోతాడు. అప్పటికి నాకు నలభై లేవు. మండపేటలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేస్తూ పరిషత్తు నాటకాలు ఆడుతుండేవాణ్ణి. ఒక నాటకం చూసి ఆ కుర్ర దర్శకుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పాత్రకి ఆ ఏడు నాకు ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. ఆఖరి సీనులో ముసలాయన కళ్ళు తెరిచి, ఎటో చూసి, చిన్నగా నవ్వి, మళ్ళీ కళ్ళు మూసుకుంటాడు. అవార్డు ఆ నవ్వుకే వచ్చిందని అందరూ అన్నారు. ఇప్పటికీ అంటారు.

ఆ నవ్వు సంగతి చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న కూడా మిల్లు మనిషే. నాలాగా కుర్చీలో కూర్చున్నవాడు కాదు, ఊక దుమ్ములో నిలబడి పనిచేసినవాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. అమ్మ అప్పటికే లేదు. నాన్నని అక్క తన ఇంట్లో పెట్టుకుని చూసుకునేది. బావ లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డుమీదే ఉంటాడు. మందు వేయడం, తుడవడం, ఎత్తి కూర్చోబెట్టడం, అన్నీ అక్కే. నేను వెళ్ళేవాణ్ణి, మంచం పక్కన కాసేపు కూర్చుని, నాటకం కబుర్లు చెప్పి వచ్చేవాణ్ణి. నాన్నకి ఆ కబుర్లంటే ఇష్టం. నాకు సినిమాలో వేషం వచ్చిందని ఆ దగ్గులోనే వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పాడట.

షూటింగు కొవ్వూరు దిగువన ఒక లంకలో జరుగుతోంది. ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. నాన్న అడుగుతున్నాడు, రమ్మంది. ఎలా ఉందక్కా అన్నాను. రా, అంది మళ్ళీ. ఒక్క సీను చేసుకుని వచ్చేస్తానన్నాను.

ఆ సీను మీకు గుర్తుండదు. ఎవరికీ గుర్తుండదు. తెల్లవారుజామున గట్టు విరిగి, మిగిలిన తోట కూడా గోదావరిలోకి జారిపోతుంది. ముసలాయన అది చూసి ఇంటికొస్తాడు. కాళ్ళు కడుక్కుంటాడు. భార్య కంచం పెడుతుంది. తింటాడు. విషయం చెప్పడు. అంతే సీను. మిల్లు వాళ్ళు పనిలోంచి తీసేసిన రోజు మా నాన్న సరిగ్గా అలాగే ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. కంచం ముందు కూర్చున్నాడు. ఎన్నడూ వంట గురించి ఒక్క మాట అననివాడు, ఆ రోజు అమ్మతో "పచ్చడి బాగుందే" అన్నాడు. ఇంకాస్త వేయించుకుని తిన్నాడు. ఉద్యోగం పోయిందని మాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. ఆ పచ్చడి మాట స్క్రిప్టులో లేదు. కెమెరా తిరుగుతుండగా నేనే అనేశాను. భార్య వేషం వేసినావిడ ఉలిక్కిపడి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు సినిమాలో ఉంది. నా జీవితంలో నేను చేసిన గొప్ప నటన ఏదంటే ఆ అన్నం తినడం. ఆ సంగతి నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను.

దర్శకుడు పొంగిపోయాడు. ఇంకో పక్క నుంచి కూడా తీద్దామండీ అన్నాడు. సరే అన్నాను. ఆ తర్వాత దగ్గరగా చేతివేళ్ళు మాత్రం తీద్దామన్నాడు. దానికీ సరే అన్నాను. ఒక్కమాట అంటే కారిచ్చి పంపించేవాళ్ళే. నేను అనలేదు. ఫోన్ వచ్చిందని కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు? నాన్నకి ఏమీ కాదనుకున్నానా? లేదు. అక్క గొంతులో నాకు తెలిసిపోయింది. తెలిసీ, సీను చేతికి చిక్కింది, వదిలితే మళ్ళీ దొరకదు అనుకున్నాను. మా నాన్నని నటించడం కోసం మా నాన్న దగ్గరికి వెళ్ళలేదు. ఇంతకంటే సూటిగా ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

నేను మండపేట చేరేసరికి అక్క ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. నాన్న పోయాడు. ఆయన చెయ్యి అక్క ఒళ్ళో ఉంది. అక్క తలెత్తి నన్ను చూసింది. అప్పుడు గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళకి మంచం పక్కన కొడుకు కనిపించాడు.

కర్మలు అయ్యాక మళ్ళీ లంకకి వెళ్ళాను. గుండు కనపడకుండా నా తలకి తువ్వాలు చుట్టారు. చావు సీను మొదలుపెట్టారు. నాకు రాలేదు. ఎన్నిసార్లు తీసినా రాలేదు. చివరికి దర్శకుడు పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "మీరు చూసే వచ్చారు కదండీ. నాన్నగారు వెళ్ళినట్టే వెళ్ళండి, చాలు." నేను తలూపాను. చూడలేదండీ అనడానికి నోరు రాలేదు. ఏం చూశానని చేయను? వెలుతురు తగ్గిపోతోందని ఏదో ఒకటి తీసి సరేననిపించారు.

నేను లేవబోతుంటే ప్రొడక్షన్ మేనేజరు అడ్డం వచ్చాడు. పెద్దాయన, సినిమాల్లోనే జుట్టు నెరిసినవాడు. శవంగా పడుకున్నవాడు అలాగే లేవకూడదని, కెమెరా వైపు చూసి నవ్వాకే లేవాలని మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. "అలా లేచిపోతారేంటి బాబూ! కళ్ళు తెరిచి ఓసారి నవ్వండి. బతికే ఉన్నారని దేవుడికి తెలియొద్దా? అవతల పునుగులు చల్లారిపోతున్నాయి, మీరు నవ్వితే అందరం వెళ్దాం" అన్నాడు. నేను కళ్ళు తెరిచాను. పునుగుల మాటకి అటు చూశాను, నవ్వొచ్చింది. అలసటతో మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. కెమెరా అప్పటికింకా తిరుగుతూనే ఉంది.

దర్శకుడు సినిమాలో ఆ ముక్కే పెట్టాడు. మొదటిసారి తెరమీద చూసినప్పుడు నాకే ఏడుపొచ్చింది. అంత బాగుంది.

అవార్డు సభ రాజమండ్రిలో జరిగింది. అక్క కొత్త చీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. మైకు పట్టుకున్నాయన, ఆ నవ్వు ఎక్కణ్ణుంచి తెచ్చారండీ అని అడిగాడు. ఒక్క క్షణం ఆలోచించాను. పునుగులని చెబితే హాలంతా నవ్వేది, నేను చిన్నవాణ్ణయ్యేవాణ్ణి. అన్నం సీను గురించి చెప్పవచ్చు, అందులో నిజంగా మా నాన్న ఉన్నాడు. కానీ అది ఏ రోజు తీశారో నాకు తెలుసు. అక్కకీ తెలుసు. అందుకని ఇలా అన్నాను: "మా నాన్న నా చేతిలో చెయ్యి పెట్టి, అలాగే నవ్వుతూ వెళ్ళిపోయారండి. ఇందులో నేను చేసిందేమీ లేదు." హాలు మొత్తం లేచి నిలబడింది. అక్క కూడా నిలబడి చప్పట్లు కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో, ద్వారపూడి దాటేదాకా అక్క మాట్లాడలేదు. అవార్డు తన ఒళ్ళోనే పెట్టుకుంది. తర్వాత కిటికీ వైపు చూస్తూ అంది:

"నాన్న నవ్వలేదురా."

"తెలుసక్కా."

"నీకెలా తెలుసు? నువ్వక్కడ లేవు." చూపు కిటికీ మీదే ఉంచి చెప్పింది: "గుమ్మం వంకే చూస్తున్నాడు. వచ్చాడా, వచ్చాడా అని. వంతెన ఎక్కాడు నాన్నా అన్నాను. మళ్ళీ అడిగాడు. రాజమండ్రి వచ్చేశాడన్నాను. మళ్ళీ అడిగాడు. ద్వారపూడి దాటాడన్నాను. ఆ తర్వాత చెప్పడానికి ఇంక ఊళ్ళు లేవురా."

"మళ్ళీ ఫోన్ చేయకపోయావా అక్కా?"

"ఒక్క సీనన్నావు కదా. వచ్చేస్తావనుకున్నాను." అవార్డు మీద పడిన పూలరేకులు తీసి పక్కన పెట్టింది. "నువ్వొచ్చేదాకా నేను గొంతు విప్పలేదు. కొడుకు అందలేదన్న మాట నీకు రాకూడదని. నీ కోసం నేను కప్పిపెట్టినదాన్ని తీసుకెళ్ళి స్టేజీ మీద పెట్టేశావు."

"చప్పట్లు నువ్వూ కొట్టావుగా" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"కొట్టాను. పక్కావిడ నా వంకే చూస్తోంది మరి." తర్వాత అడిగింది: "రేపు పెద్దత్త అడుగుతుంది. ఏం చెప్పమంటావు?"

"నవ్వాడనే చెప్పక్కా."

"సరే" అంది.

అప్పటినుంచి చెబుతూనే ఉంది. పెద్దత్త అంటే నాన్నకి అక్క. ఏ శుభకార్యంలో కలిసినా అదే మాట ఎత్తుతుంది. "ఎంత చేస్తే ఏం లాభమే, ఆఖరి ఘడియకి వాడి చెయ్యి పట్టుకునే రాత కొడుక్కే రాసుంది" అంటుంది, అక్క ముఖం మీదే. అక్క పులిహోర వడ్డిస్తూ "అవునత్తా" అంటుంది. నేను పక్క వరసలో కూర్చుని తింటూ ఉంటాను. ఎన్నో పత్రికలకి ఆ కథ చెప్పాను. నాటకం నేర్చుకునే పిల్లలకి పాఠంలా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మా నాన్న మంచం పక్క నుంచి అక్కని లేపి, అక్కడ నేను కూర్చున్నాను. అక్క ఒక్కసారి కూడా నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఈ మాట ముందే రాసి ఉండేవాడినా? ఏమో. నన్ను నేను అంతగా నమ్మలేను.

ఇప్పుడు నటన మీద ఒక పుస్తకం వేస్తున్నారు. ఆ నవ్వు గురించి రాసిమ్మని అడిగారు. మాట గాల్లో పోతుంది, పుస్తకంలో పడితే అదే మిగులుతుంది. నా తర్వాత, అక్క తర్వాత, చదివేవాళ్ళకి మా నాన్న నవ్వుతూ కొడుకు చేతిలో పోయినవాడిగానే తెలుస్తాడు. నాన్న కోసం ఊళ్ళన్నీ ఒక్కొక్కటే దాటించిన అక్క ఎక్కడా ఉండదు. రాద్దామని కూర్చుని, రాయలేక, దాని బదులు ఇది రాశాను. ఆ పుస్తకానికి ఇదే పంపుతున్నాను. వేసుకుంటే వేసుకుంటారు. లేదంటే ఇంకెక్కడైనా వేయిస్తాను.

అవార్డు వెనక్కిచ్చేస్తానని అనడం లేదు. అన్నం సీనుకి అది నాకు రావలసిందేనని ఇప్పటికీ అనుకుంటాను. పొరపాటున దొరికిన ఆ నవ్వు కూడా బాగానే ఉంటుంది, ఈసారి చూసినా మీకు నచ్చుతుంది. అక్కకి ఇంకా చెప్పలేదు. అచ్చయ్యాక చదువుతుంది. క్షమిస్తుందని రాయలేదు. ఇన్నేళ్ళూ తనచేత చెప్పించిన అబద్ధాలకి తను నన్ను ఏమన్నా పడాల్సిందే. రాయడం పూర్తయ్యేసరికి మాత్రం, చాలాకాలం తర్వాత, ఊపిరి అడ్డం లేకుండా ఆడుతోంది.

మా నాన్న ఎలా వెళ్ళాడో ఎవరికైనా తెలుసుకోవాలని ఉంటే మా అక్కని అడగండి. ఆఖరిదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది అక్క. ఆ గదిలో నేను లేను.