నైస్ అనే మేస్త్రి

కోట్లకు కాజాలు తీసి బొత్తాలు కుట్టే ఆవిడను దర్జీ కొట్లో అందరూ అనుమానం అక్క అనేవారు. టీ గ్లాసు కాస్త వెలితిగా కనిపిస్తే ఎవరో గుక్క తాగి పెట్టారని తేల్చేసే రకం. అలాంటి మనిషి ఏం కుట్టి ఇచ్చినా, కొత్తగా వచ్చిన చెకింగ్ మేస్త్రి చేత్తో ఓసారి నిమిరి "నైస్" అనేవాడు. పాత మేస్త్రి తిట్టకుండా ఒక్క కోటూ వదల్లేదు. తిట్టని మేస్త్రిని ఎలా నమ్మడం?

"నిన్ను నైస్ చేస్తున్నాడే. ఏదో పని పడింది," అంది ఇంట్లో అత్త.

అనుమానం అక్కకు తెలిసిన నైసు వేరే. అది సూది కింద నిలవకుండా జారిపోయే గుడ్డ. అదీ నమ్మదగ్గది కాదు. బళ్లో ఇంగ్లీషు చెప్పే మరిదిని ఆ మాటకు అర్థమేంటని అడిగింది.

"లాటిన్‌లో దాని మూలానికి ఏమీ తెలియనివాడని అర్థం, వదినా. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో తెలివితక్కువవాళ్లను అలా అనేవారు. తర్వాత చాదస్తం అయింది, నాజూకు అయింది, చివరికి మంచిది అయింది."

"ఎవరు మార్చారు?"

"ఎవరూ మార్చలేదు. జనం నోట్లో నాని అదే మారింది."

"తెలివితక్కువదాన్నని నా మొహం మీదే అంటున్నాడన్నమాట!"

"అయ్యో, ఇప్పుడా అర్థం లేదు వదినా!" అని మరిది మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు.

మర్నాడు నల్లకోటుకు నల్లబొత్తాల మధ్య ఒక ఎర్రబొత్తం కుట్టి తీసుకెళ్లింది. మేస్త్రి వేళ్లతో అంచు తడిమాడు, బొత్తాలు లాగి చూశాడు.

"నైస్."

"మేస్త్రిగారూ, మధ్య బొత్తం రంగేంటి?"

ఆయన కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముక్కుకు ఆనించుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"మెల్లగా మాట్లాడమ్మా. రెండు కళ్లకూ శుక్లాలు. ఓనరుకు తెలిస్తే ఇంటికి పంపేస్తాడు. కుట్టు వేలికి నునుపుగా తగిలితే ఆ మాట అంటున్నాను. నీ కుట్టు ఎప్పుడూ తేడా రాలేదు."

నాటకమేమోనని ఆమె దారం లేని సూది ఆయన ముందు పెట్టి, "ఈ దారం ఏ రంగు?" అంది. ఆయన కాసేపు తంటాలుపడి, "నీలం అనుకుంటా," అన్నాడు. అప్పుడు గానీ ఆమె ఎర్రబొత్తం ఊడదీయలేదు.

ఆ రోజు నుంచి ప్రతి కోటూ ముందు ఆమె చూసేది. రంగు తేడా ఉంటే దగ్గు వచ్చినట్టు దగ్గేది. ఆయన దాన్ని పక్కన పడేసేవాడు. పెళ్లిళ్ల గిరాకీ తగ్గాక, చుట్టాల ఊరికని చెప్పి ఆపరేషన్ చేయించుకొచ్చాడు. వచ్చీ రాగానే ఆమె కుట్టిన కాజా ఒకటి వెలుతురుకు పట్టుకుని, "ఇది వంకరగా ఉంది, ఊడదియ్," అన్నాడు. ఆమె వెంటనే ఊడదీసింది.

ఒకరోజు ఓనరు పిలిచాడు.

"దగ్గు తగ్గినట్టుందే. పెళ్లిళ్ల రోజుల్లో తెగ దగ్గేదానివి?"

ఆమె ఆయన మొహంలోకి పరకాయించి చూసింది.

"ఎందుకు అడుగుతున్నారు?"