వీటో పడిన తర్వాత సుభద్ర మేడం అడిగే ప్రశ్న

సుభద్ర మేడం ఇక లేరని మంగళవారం పొద్దున్న, నాతో చదువుకున్న జ్యోతి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మా బాబుకి ఉగ్గు తినిపిస్తున్నాను. "ఏ సుభద్ర మేడం?" అని అడిగాను. మా ఇద్దరికీ తెలిసిన సుభద్ర మేడం ఒక్కరే. అయినా అలా అడిగాను, ఇంకెవరైనా అయితే బాగుండునని కాబోలు. నిద్రలోనే పోయారట. ముందురోజు సాయంత్రం కూడా పక్కింటి డిగ్రీ అమ్మాయిని కూర్చోబెట్టి ఏదో దేశం గురించి ప్రశ్నలు వేశారట. ఆ ప్రశ్న ఏమిటో తెలుసుకోవాలని ఇంత దుఃఖంలోనూ మనసు పీకుతోంది.

కాకినాడలో మా మహిళా కళాశాలలో ఆవిడ రాజనీతిశాస్త్రం చెప్పేవారు. చిన్న వయసులోనే భర్త పోయారు. పిల్లలు లేరు. నుదుట బొట్టు ఉండేది కాదు. నేత చీర, భుజాన గుడ్డ సంచి, సంచిలో ఎప్పుడూ ఒక జామకాయ. ప్రపంచంలో ఉన్న ప్రతి ఆచారాన్నీ "ఎందుకు?" అని నిలదీసే మనిషి, తన నుదుటి మీద ఉన్న ఆచారాన్ని ఎందుకు ఏమీ అనలేదో మేమెవరం అడగలేదు. మాకు అంత ధైర్యం ఉండేది కాదు.

ఆవిడ పాఠాల్లో నాకు బాగా గుర్తున్నది భద్రతామండలి పాఠం. ఒక దేశంలో అంతర్యుద్ధం జరుగుతూంటే బయటి దేశాలు కలగజేసుకోవచ్చా, కలగజేసుకుందామని అందరూ అన్నా శాశ్వత సభ్యత్వం ఉన్న ఒక్క దేశం వీటో వేసి ఆపేయవచ్చా అన్నది విషయం. పుస్తకంలో రెండు పేజీలు. మేడం దానికి బల్లలన్నీ గుండ్రంగా జరిపించి మమ్మల్నే భద్రతామండలి చేశారు. నిజమైన దేశం పేరు పెట్టనివ్వలేదు. "పేరు పెడితే మీ నోటితో టీవీ మాట్లాడుతుంది, మీరు మాట్లాడరు" అన్నారు. ఒక నది ఉన్న దేశాన్ని ఊహించుకోమన్నారు. తూర్పు ఒడ్డు ప్రభుత్వానిది, పడమర ఒడ్డు తిరుగుబాటుదారులది. మధ్యలో లంక మీద ఒక ఊరు. ఆ ఊరికి రెండు వైపులా దారి మూసేశారు.

పశ్చిమ గోదావరి భీమవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సునీత వెంటనే లేచింది.

"మేమెందుకండీ తిరుగుబాటుదారులం? మా పడమరవాళ్ళు మర్యాదస్తులండి!"

"మర్యాదగానే తిరగబడండమ్మా, ఎవరు కాదన్నారు?" అన్నారు మేడం. క్లాసంతా గొల్లున నవ్వింది.

నాకు ఏ దేశమూ రాలేదు. చుట్టుముట్టబడిన లంక ఊరు నాకిచ్చారు. ఓటు లేదు. అడిగేదాకా నోరు విప్పకూడదు. మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వీటో ఉన్న అయిదు దేశాల్లో ఒకటి మండపేట జ్యోతికి వచ్చింది. వాళ్ళ నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల, ఆ రోజు మాత్రం కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

సైన్యం పంపాలని ప్రతిపాదన వచ్చింది. చేతులన్నీ లేచాయి. జ్యోతి చెయ్యి లేవలేదు.

"మా దేశం ఒప్పుకోదండి."

"ఎందుకు?"

"నాకు వీటో ఉంది కదండీ."

"అది అధికారం. నేనడిగింది కారణం."

జ్యోతి కాలు దించింది. "సాయానికని వచ్చిన సైన్యం మళ్ళీ వెళ్తుందని ఏంటండీ నమ్మకం? పైగా ఇంకో పెద్ద దేశం అవతలి ఒడ్డుకి సాయం వెళ్తే? ఇప్పుడు రెండు ఒడ్లే కొట్టుకుంటున్నాయి. అప్పుడు పెద్ద దేశాలు కూడా కొట్టుకుంటాయండి. దానికంటే ఒకళ్ళు ఆగమనడమే మంచిది కదా."

సునీత బల్ల చరిచింది. "మీరు ఆగమంటూంటే ఈలోగా లంకలో పిల్లలు చచ్చిపోతున్నారు తల్లీ! ఎవరి దేశం వాళ్ళదంటే, చంపుకునే హక్కు కూడా వాళ్ళదేనా?"

గంటసేపు వాదించుకున్నారు. చివరికి వీటో నిలిచింది. అప్పుడు మేడం జామకాయ తీసి కొరికి, నింపాదిగా అడిగారు. "సరే, వీటో పడింది. రేపు పొద్దున్న ఏం చేస్తారు?"

వీటో పడడంతో పాఠం అయిపోయిందనుకున్నాం. ఆవిడ నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. మీ ఊరికి ఏం కావాలి?"

గంటసేపు నోరు మూసుకుని కూర్చున్నదాన్ని, గబుక్కున అనేశాను. "పాల పడవ వచ్చేదాకా రెండు ఒడ్లూ కాల్చకుండా ఉంటే చాలండి."

జ్యోతి తల గోక్కుంది. "దానికైతే మా దేశం అడ్డుపడదండి."

"చూశారా, గంటసేపట్లో ఈ పిల్లని ఒక్కళ్ళూ అడగలేదు" అన్నారు మేడం. వెనక నుంచి ఎవరో అడిగారు, "పాల పడవకి కూడా అడ్డుపడితేనోనండీ?" మేడం నవ్వలేదు. "అడ్డుపడతారు. పడినవాళ్ళున్నారు. అప్పుడేం చేస్తావో ఆలోచించుకుని రా. నాకూ తెలీదు." పాఠం చెప్పేవాళ్ళు తెలీదని అనడం నేను వినడం అదే మొదటిసారి.

మీరు ఏ పక్షం మేడం అని ఎన్నోసార్లు అడిగాం. ఒక్కసారి మాత్రం ఇలా చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారికీ పెదనాన్నగారికీ తగువొచ్చి, వాకిట్లో అడ్డంగా గోడ లేచిందట. నుయ్యి అవతలి వైపుకి పోయింది. మొదట బంధువులెవరూ రాలేదు. తర్వాత అందరూ వచ్చారు, సగం మంది ఇటు, సగం మంది అటు చేరి తగువుని కోర్టు దాకా పెంచారు. "ఎవరూ రాకపోవడం చూశాను. అందరూ రావడమూ చూశాను. ఆ రెండేళ్ళూ మా అమ్మకి గోడ మీంచి బిందె అందించినావిడ మాత్రం ఏ పక్షమూ కాదు" అన్నారు.

ఈ మాటలన్నీ నాకు మొన్నమొన్నటి దాకా పాఠాలే. నిరుడు శ్రావణంలో అవి మా గుమ్మంలోకి వచ్చాయి.

మా ఎదురు ఫ్లాట్‌లో రమణి, ఆమె భర్త, ఆరేళ్ళ భవ్య ఉండేవారు. అతను కొట్టేవాడు. గిన్నెలు విసిరిన చప్పుడుకి మా బాబు ఉలిక్కిపడి లేచేవాడు. భవ్య వచ్చి మెట్ల మీద కూర్చునేది. వెళ్ళి అడుగుదామంటే నాకు భయం. అతను మా మీద పడితే? మేమెళ్ళాక తలుపేసి ఆమెని ఇంకా కొడితే? ఎవరికీ చెప్పకపోతే మాత్రం ఆ పిల్ల ఏమైపోతుంది? అపార్ట్‌మెంట్ కమిటీకి చెప్పాను. అందరూ ఒప్పుకుంటేనే వెళ్దామనుకున్నారు. ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు. "వాళ్ళింటి గొడవమ్మా అది. ఇవాళ మనం వెళ్తే రేపు మీ ఇంటికి అందరూ వస్తారు, సరేనా?" అన్నారు.

మేడంకి ఫోన్ చేశాను. "వీటో పడిందండి."

"కారణం చెప్పాడా?"

"చెప్పారండి."

"అయితే మాట్లాడదగ్గ మనిషే. రేపు శుక్రవారం కదూ? పేరంటం పెట్టుకో. బొట్టు పెట్టి పిలవడానికొచ్చిన ఆడదాని మొహం మీద తలుపేసేవాడు మన వైపు ఇంకా పుట్టలేదు. ఒకవేళ వేస్తే పోలీసుల నంబరు ఎలాగూ ఉంది, దగ్గర పెట్టుకో."

"ఆవిడ రానంటేనో?"

"అది ఆవిడ వీటో అమ్మా. నేను ఒప్పుకునే వీటో అదొక్కటే."

మీరు ఏ పక్షం అని ఇన్నేళ్ళు మేం అడిగి అడిగి వదిలేసిన ప్రశ్నకి జవాబు ఫోన్‌లో అలా వచ్చేసింది. ఆ క్షణంలో నాకది తట్టనేలేదు.

మర్నాడు సాయంత్రం మేడం ఆటోలో వచ్చారు. నేను కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరబోతే మా అత్తగారు నా చెవి దగ్గర, "ఆవిడ కూడా వస్తారా? శుభమా అని పిలవబోతూ..." అని ఆగారు. మేడం విననే విన్నారు. "నేను చెయ్యి పెట్టను లెండి అక్కయ్యగారూ. నేను పరిశీలకురాలిని, నాకు ఓటు లేదు" అని నవ్వారు. మా అత్తగారికి ఆ మాట ఎంత అర్థమైందో తెలీదు. మొహం మాత్రం ఎర్రబడింది. భరిణె నా చేతిలోంచి తీసి మేడం చేతిలో పెట్టారు. "పట్టండి. పెద్దవారు మీరే పెట్టండి."

బెల్లు కొట్టాం. అతనే తీశాడు. "ఏంటండీ?"

"నీతో పని లేదు బాబూ. ఆడవాళ్ళ పిలుపు" అన్నారు మేడం.

అతను భరిణె చూశాడు. పక్కకి జరిగాడు. రమణి కొంగు చెంప మీదకి లాక్కుంటూ వచ్చింది. మేడం బొట్టు పెట్టి, "పిల్లని తీసుకుని ఇప్పుడే వస్తావా అమ్మా?" అని అడిగారు. రమణి వెనక్కి ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది.

మా ఇంట్లో సెనగలు, తాంబూలం అందుకున్నాక మేడం ఆమెకి ఒక్క నీతీ చెప్పలేదు. అతణ్ణి ఒక్క మాటా తిట్టలేదు. "నీకేం కావాలి?" అని మాత్రం అడిగారు. నాకు ఆ గుండ్రటి బల్లలు, మధ్యలో నా కుర్చీ కళ్ళ ముందు కదిలాయి.

"మా అన్నయ్యకి ఫోన్ చెయ్యాలండి. నా ఫోన్ తీసేసుకున్నారు."

ఇన్నాళ్ళూ మేమంతా ఆ ఇంటి గురించి ఎన్ని ఆలోచించామో! ఆమెకి కావలసింది ఒక్క ఫోన్. వాళ్ళన్నయ్య సామర్లకోట నుంచి గంటలో వచ్చారు. ఇప్పుడు రమణి అక్కడే ఉంటోంది, కుట్టుపని చేస్తోంది. కేసు నడుస్తోంది. భవ్య ఒకటో క్లాసు.

ఇదంతా అంతర్యుద్ధానికి సమానమని అంటే మేడం ఒప్పుకునేవారు కాదు. "పాల పడవ అడ్డుకున్న చోట ఏం చేస్తావో ఇంకా చెప్పలేదు నువ్వు" అనేవారు. నిజమే. ఇప్పటికీ టీవీలో ఏదో దేశం గురించి వీటో పడిందని వస్తే, బాబుని గట్టిగా హత్తుకుని, అక్కడ మధ్య కుర్చీలో కూర్చున్నదెవరా అని వెతుకుతాను. వార్తల్లో ఆ మనిషి కనపడదు.

మంగళవారం మధ్యాహ్నం మేడంని వాకిట్లో పడుకోబెట్టారు. రమణి భవ్యని తీసుకుని దొరికిన మొదటి బస్సుకే వచ్చింది. దండ వేసింది. తర్వాత సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి వంగింది. ఎవరో పెద్దావిడ, "కూడదమ్మా, ఆవిడకి..." అంటూ చెయ్యి అడ్డం పెట్టారు. రమణి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

మా అత్తగారు ముందుకొచ్చి ఆ అడ్డం పెట్టిన చేతిని మెల్లిగా పక్కకి తీశారు. "పెట్టనివ్వండి. పోయినావిడ కాదన్నారా? కాదనే హక్కు ఆవిడకే ఉంది."

రమణి బొట్టు పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ నుదుట కుంకుమ నేను చూడడం అదే మొదలు, అదే చివర. మేడం, మీ స్థానంలో కూర్చోగల వారెవరూ మాకు కనపడడం లేదు. "రేపు పొద్దున్న ఏం చేస్తారు?" అన్న మీ ప్రశ్న మాత్రం మాతోనే ఉంది. మా బాబు పెద్దయ్యాక వాణ్ణి కూడా అడుగుతాను.