రెండు డిస్కులు

దీవిలోని హోప్ టౌన్ మత్స్యకారుల సంఘం ఆఫీసులో పూర్ణచంద్ర ఇప్పుడు ప్రతి దరఖాస్తునూ రెండు పుస్తకాల్లో చేత్తో రాస్తాడు. సర్వర్ వైపు కన్నెత్తి చూడడు. పని చకచకా సాగాలని, దాని కోసం ఓడలో వచ్చిన రెండు డిస్కులనూ ఒకటిగా కలిపి, ప్రతి ఫైలూ సగం దీనిలో, సగం దానిలో పడేలా అమర్చింది అతనే. నకలు ఉంచలేదు. ఒక డిస్కు చెడిపోయేసరికి తుఫాను పరిహారం దరఖాస్తులన్నీ పోయాయి, గడువూ దాటింది. మిషన్ పాడైందని అందరికీ చెప్పాడు. ఆ తుఫానులో పడవ విరిగిన దుర్గ ఇవాళ చేపలకూర తెచ్చింది.

"మిషన్ ఖరాబైపోతే నువ్వేటి సేస్తావు భయ్యా? తిను."

అతను మూత తియ్యలేదు. "తప్పు మిషన్‌ది కాదు దీదీ, నాది. అదే రాసి, గడువు పెంచమని పైకి పంపుతున్నాను. నువ్వు సాక్షివి."

దుర్గ అతని మొహంలోకి చూసింది. కాయితం మీద వేలిముద్ర వేసి, కూరగిన్నె తీసుకుని వెళ్లిపోయింది.