నా మనవరాలి ప్రాక్టికల్‌కి నేను చదివిన చదువు

పోయిన వారం తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబులో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు తాగే టీ ముక్కులోంచి వస్తుంది. గ్లాసు కింద పెట్టి వినండప్పా. మనవరాలికి సాయం చేద్దామని పోయి, దాన్ని పరీక్షలో నిలువునా ముంచబోయాను. అదీ తప్పులు చేసి కాదు. ఒక్క తప్పు కూడా చేయకుండా!

మా కొడుకు కూతురు యామిని బి.ఏ. సైకాలజీ చదువుతోంది కదా, ఆఖరి సంవత్సరం. అది ఆ చదువులో చేరినప్పుడు, "అంటే పిచ్చోళ్ళ చదువా?" అని మన చెంగల్రాయుడు అడిగాడు, గుర్తుందా? నాకు కోపం వచ్చి వాడితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇంటికి పోయి అదే ప్రశ్న నేను యామినిని అడిగితే, అది నాతో మాట్లాడలేదు.

ఆ చదువులో కూడా ప్రాక్టికల్ పరీక్షలుంటాయి. సైన్సు పిల్లలు కప్పను పెట్టుకుంటారే, వీళ్ళు మనిషిని కూర్చోబెట్టుకుంటారు. కోయరులెండి! ఏదో గీయమంటారు, ఏదో గుర్తు పెట్టుకోమంటారు, స్టాప్‌వాచీ పట్టుకుని రాసుకుంటారు. ఆ కూర్చునే మనిషిని సబ్జెక్టు అంటారు. పరీక్ష రోజు ఎవరి సబ్జెక్టును వాళ్ళే వెంటబెట్టుకు పోవాలి. క్లాసులో పిల్లలు పనికిరారు, వాళ్ళకు లోగుట్టు అంతా తెలుసు కాబట్టి.

యామిని తన స్నేహితురాలినొకామెను ముందే మాట్లాడి పెట్టుకుంది. ఆ పాప సరిగ్గా పరీక్షల ముందర అక్క పెండ్లి అని పలమనేరు వెళ్ళిపోయింది. మావాడు, కోడలు ఇద్దరూ డ్యూటీలకు పోవాలి. మా ఇంటామె కాలేజీ మొహం చూసేది లేదంది. యామిని తల పట్టుకుని కూర్చుంది. ఈ ప్రాక్టికల్ పోతే డిగ్రీ చేతికి రాదు, డిగ్రీ రాకపోతే బెంగళూరులో ఎమ్మెస్సీ సీటు లేదు. దాని ఆశంతా ఆ సీటు మీదే.

"నేనొస్తా పద," అన్నాను.

"నువ్వా తాతా?"

"ఏం, నేను మనిషిని కాదా?"

"మనిషివే. చెప్పిన మాట వినే మనిషి కావాల."

"నేనెప్పుడు వినలే?"

"మొన్న డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఏం చేసినావు? ఆయనకే ఊరగాయ డబ్బా ఇచ్చి వచ్చినావు!"

దానికి వేరే దారి లేదు. చివరికి ఒప్పుకుంది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "తాతా, ఒకే ఒక్క మాట. నువ్వు ఏమీ నేర్చుకోవద్దు. ఏమీ తెలియని మనిషిగా వచ్చి కూర్చుంటే చాలు. నీకేమీ తెలియకపోవడమే నాకు కావాల్సింది."

ఆ మాట నాకెక్కడ తగిలిందో మీకు చెప్పాలా? పగలంతా చెరుకు నరికి, రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి నేను. పరీక్ష అనేది నా జన్మలో రాయలేదు. మా రాత్రి బడిలో పరీక్ష పెట్టాలంటే ముందు మమ్మల్ని నిద్ర లేపాలి! ఇన్నాళ్ళకు పరీక్ష గదిలో కూర్చునే యోగం పడితే, ఏమీ నేర్చుకోకుండా రమ్మంటుందా ఈ పిల్ల? ముసలోడు గుర్తు పెట్టుకోలేడని అలా చెప్పింది, అంతే. అలా అనుకున్నాను. చూపిస్తా ఉండు, అని కూడా అనుకున్నాను.

మరుసటి రోజు దాని క్లాసు పిల్లలిద్దరు మా వరండాలో కూర్చుని దాంతో కలిసి తయారవుతుంటే, నేను పేపరు అడ్డం పెట్టుకుని చూశాను. కాగితం మీద ఒక నక్షత్రం. దాన్ని రెండు గీతలతో గీసి ఉంటారు, మధ్యలో సన్నని సందు. ఆ సందులో గీతలకు తగలకుండా పెన్సిలును చుట్టూ నడిపించుకు రావాలి. ఇంతేనా అనుకునేరు! చెయ్యి కనపడకుండా ఒక పలక అడ్డం పెడతారు. ఎదురుగా అద్దం. అద్దంలో చూసుకుంటూ గీయాలి. ముందుకు తోద్దామంటే పెన్సిలు వెనక్కి వస్తుంది. ఆ పిల్లలు మూల దగ్గర చిక్కుకుని, గీతలన్నీ తొక్కి, పకపకా నవ్వుకుంటున్నారు. పరీక్ష దగ్గర పెట్టుకుని నవ్వులేంటి, అని నాకు ఒళ్ళు మండింది.

వాళ్ళు పోగానే నా చదువు మొదలుపెట్టాను. గడ్డం గీసుకునే అద్దాన్ని ఊరగాయ జాడీకి ఆనించాను. పలకకు బదులు బియ్యం చెరిగే చేట. పాత పెండ్లి పత్రికల వెనక వైపు నక్షత్రాలు. మొదట్లో పెన్సిలు నా మాట వినలేదు. మొండికేసిన ఎద్దులాగ ఒకే చోట నిలబడి వణికేది. నేను వదులుతానా? యామిని కాలేజీకి పోవడం ఆలస్యం, జాడీ, అద్దం, చేట!

ఒకరోజు మా ఇంటామె వంటింట్లోంచి కేకేసింది. "ఏమయ్యో, చేట యాడ పెట్టినావు?"

"కొంచెం ఆగు!"

ఆగే మనిషైతే కదా. లోపలికే వచ్చేసింది. "అద్దం ముందర ఏంది నీ కత? నాలిక బయట పెట్టుకోని!"

"మీసం చూసుకుంటా ఉండా."

"చేట ఎనకాల దాంకోనా?"

సాయంత్రం ఆమె యామినితో, "మీ తాతకు ఈ నడమ సోకులు ఎక్కువైనాయి, అద్దం ఇడిసిపెట్టేది లే," అంది. ఆ పిచ్చి పిల్ల, "పోనీలే అవ్వా, నా పరీక్షకు అందంగా వస్తాడు," అని మురిసిపోయింది.

పరీక్ష నాటికి నేను అద్దంలో చూసి నక్షత్రం చుట్టి వస్తుంటే పెన్సిలు జర్రుమని పోయేది. ఒకటే భయం. ఏ ప్రయోగం చేయాలో అక్కడ చీటీ తీస్తారంట. వేరేవి నాకు ఒక్కటీ రావు. పొద్దున్నే మిద్దెక్కి ఏడుకొండల వైపు తిరిగి, "సామీ, నక్షత్రమే ఇప్పించు," అని దండం పెట్టుకున్నాను.

ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్నులు, ఒకటి ఆగిపోతే ఇంకొకటి. రేణిగుంట బస్సు దిగి కాలేజీకి పోతే, వరండాలో బెంచీ మీద సబ్జెక్టులందరం వరసగా కూర్చున్నాం. ఒకరి అమ్మ, ఒకరి మేనమామ, నా పక్కన లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆమె.

"ఏమమ్మా, అన్నీ చదువుకోని వచ్చినావా?" అని ఆమెను అడిగాను.

"చదివేది ఏంది సామీ? ఊరికే కూర్చుంటే చాలన్నారు పిల్లోళ్ళు."

అయ్యో పాపం, ఈమెను తెచ్చుకున్న పిల్ల గతి ఏమిటో, అని జాలిపడ్డాను. నేను!

లోపలికి పిలిచారు. యామిని చీటీ తీసింది. నక్షత్రం! దాని మొహం వెలిగిపోయింది. సులభమైనది వచ్చిందని దాని సంతోషం. నాకైతే లేచి గెంతాలనిపించింది.

అద్దం సర్ది, పలక అడ్డం పెట్టి, అది గొంతు మార్చి చదవడం మొదలుపెట్టింది. "దయచేసి సౌకర్యంగా కూర్చోండి. మీరు ఇంతకుముందు ఇలాంటి పని ఎప్పుడైనా చేశారా?"

"ఏంది పాపా, నన్ను మీరు అంటాండావు?"

"తాతా! ఈడ అట్లే అడగాల. జవాబు చెప్పు," అని పళ్ళు బిగించింది.

"యాడా చేయలేదు," అన్నాను. మొహంలో ఒక్క గీత కదలనీయలేదు.

"మొదలుపెట్టండి."

జర్రు! అది స్టాప్‌వాచీ సరిగ్గా పట్టుకునే లోపల చుట్టి వచ్చేశాను. గీతకు ఎక్కడా తగల్లేదు. తల ఎత్తి చూస్తే యామిని మొహంలో నెత్తురు లేదు. సంతోషం పట్టలేకపోతోందేమో అనుకున్నాను.

"ఎట్లుండాది?" అన్నాను మెల్లగా.

"తాతా... మళ్ళీ చేయి."

మళ్ళీ జర్రు. ఇంకోసారి జర్రు. అంతలో వెనక నుంచి కళ్ళద్దాల మేడం ఒకామె వచ్చి నిలబడింది. ఎక్స్‌టర్నల్ అంట, మార్కులు వేయడానికి చిత్తూరు నుంచి వచ్చింది. నా కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసింది.

"ఏమ్మా, ఇందులో నేర్చుకోవడం ఎక్కడుంది? మొదట తప్పులు ఎక్కువ రావాలి, చేసే కొద్దీ తగ్గాలి. మనిషి ఎలా నేర్చుకుంటాడో చూపించడమే కదా ఈ ప్రయోగం? ఈయనకు ట్రైనింగ్ ఇచ్చి తెచ్చావా?"

"లేదు మేడం! నిజంగా లేదు!"

"ఇలాంటివి రద్దు చేయాల్సి వస్తుంది," అనేసి ఆమె పక్క టేబులుకు పోయింది.

యామిని కళ్ళలో నీళ్ళు. అప్పుడు వెలిగింది నాకు. అంటే తప్పులు కావాలా? ఇంత పని చేస్తివే పిల్లా, ఆ మాట ముందే చెప్పి ఉంటే! చెప్పిందనుకోండి. నేను విన్నది వేరే.

అక్కడే నిజం చెప్పి ఉంటే పోయేది. నా మొండి బుర్ర ఊరుకోలేదు. తప్పులే కదా, ఇస్తా తీసుకో! ఆ తర్వాతి దాంట్లో నాలుగు చోట్ల గీత దాటించాను. ఆ పైన మూల మూలకీ తగిలించాను. ఆఖరు దాంట్లో పెన్సిలు నక్షత్రం వదిలేసి కాగితం అంచు దాటి టేబులు మీదికి పోయింది. చేయి తిరిగినవాణ్ణి కదా, ధారాళంగా ఇచ్చాను.

మేడం మళ్ళీ వచ్చింది. చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "చేసే కొద్దీ పాడయ్యే మనిషిని నా సర్వీసులో చూడలేదు! సార్, ఒంట్లో బాగుందా? కళ్ళు తిరుగుతున్నాయా?"

యామిని స్టాప్‌వాచీ అక్కడ పడేసి నా చెయ్యి పట్టుకుంది. "తాతా, చెయ్యి లాగుతాండాదా? మాట వస్తాండాదా? నవ్వు, ఒకసారి నవ్వు!"

నాకు పక్షవాతం వచ్చిందనుకుని ల్యాబంతా ఆగిపోయింది. ఒకరు నీళ్ళు తెచ్చారు. ఒకరు ఫ్యాను నా వైపు తిప్పారు. "రెండు చేతులూ పైకెత్తండి తాతా," అంది ఇంకో పిల్ల. ఎత్తాను. పోలీసులకు దొరికినవాడిలాగ రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాను. "వాళ్ళ నాన్నకు ఫోన్ చేయండి, ఆటో పిలవండి," అంటోంది మేడం. పరీక్ష సంగతి యామినికి గుర్తే లేదు.

ఇంక తట్టుకోలేకపోయాను. చేతులు అలాగే పైకి పెట్టుకుని చెప్పేశాను. "అమ్మా, నాకేం రోగం లేదు. ఇంట్లో నేర్చుకోని వచ్చినాను. ఈ పాపకు తెలియదు. చేట అడ్డం పెట్టుకోని, గడ్డం గీసుకునే అద్దంలో చూసి గీసినాను. మా ఆడమనిషి అడిగితే మీసం చూసుకుంటాండానని అబద్ధం చెప్పినాను. తప్పులు కావాలని ఈడికొచ్చినాకే తెలిసింది. అందుకని తప్పులు కూడా నేనే చేసినాను."

ముందు నవ్వింది ఆ హాస్టల్ వంటామె. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. యామిని మాత్రం నవ్వలేదు.

మేడం నవ్వు ఆపుకుని, దానితో అంది. "చివర్లో సబ్జెక్టు అనుభవం రాయాలి కదమ్మా? ఈయన్ని అడిగి జరిగింది జరిగినట్టు రాయి. ఫలితం ఎందుకిలా వచ్చిందో నాకు విప్పి చెప్పగలిగితే మార్కులు వేస్తాను. చెప్పలేకపోతే లేదు."

ఇంక చూడండి, కోర్టులో కూడా యామిని అడిగినట్టు అడగరు. ఎప్పుడు మొదలుపెట్టినావు, ఎవరికీ ఎందుకు చెప్పలేదు, తప్పులు చేసేటప్పుడు మనసులో ఏమనుకున్నావు? నేను చెప్పడం, అది గబగబా రాయడం.

తర్వాత దాన్ని మేడం ముందర నిలబెట్టారు. ఆమె అడిగిన దాంట్లో సగం నాకు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. "నీ వైపు నుంచి తప్పేమైనా ఉందా?" అని అడిగింది.

యామిని నా వైపు చూడకుండా చెప్పింది. "ఉంది మేడం. ఆయనకు ఏమీ తెలియకుండా ఉంటే చాలనుకున్నాను. పరీక్షంటే ఆయనకంత భయమని గమనించలేదు. నా పరువు పోతుందని నేర్చుకున్నాడు మేడం. మొదటే కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది."

నేను కండువాతో మొహం తుడుచుకున్నాను. ఉక్కగా ఉండింది ఆ రూము.

మేడం రాసుకుని, "ఈ ప్రాక్టికల్ గురించి దిగులు పెట్టుకోవద్దు, వెళ్ళు," అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ధైర్యం కూడా వచ్చింది. "అమ్మా, మరి నేను పాసా?" అని అడిగాను.

"పరీక్ష మీకు కాదు సార్," అంది.

బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది యామిని. నేనే కదిలించాను. "నా గురించి పేజీలు పేజీలు రాస్తివే, ఏం రాసినావు?"

"నువ్వు చెప్పిన మాట వినవని రాసినా."

"అన్ని పేజీల్లోనా?"

"అన్ని పేజీల్లోనూ అదే తాతా. వేరే వేరే మాటల్లో."

ఇంటికి పోయేసరికి మా ఇంటామె అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏం కనుక్కున్నారు పాపా మీ పరీక్షలో?"

"తాత చెప్పిన మాట వినడని కనుక్కున్నాం అవ్వా."

ఆమె గరిటె గిన్నెలో పడేసింది. "దీనికి డిగ్రీ చదవాల్నా? నన్ను అడిగింటే మా పెండ్లి పందిరి తీయక ముందే చెప్పిందును గదా!"