గీత పడని అంబాసిడర్

పెనుకొండలో నాగేంద్ర అంటే చాలామందికి మనిషి కంటే ముందు కారు గుర్తొస్తుంది. 1976 నాటి తెల్ల అంబాసిడర్. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసిన గంగాధర సావుకారి దగ్గర ఆయన ఇరవై ఆరేళ్లు దాన్ని నడిపాడు. వ్యాపారం మూసేసిన రోజు సావుకారి తాళం చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకోప్పా" అన్నాడు. అప్పటినుంచి పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ బాడుగకు తిప్పుకుంటూ బతికాడు. అరవై నాలుగేళ్లు వచ్చాయి. బాడుగలు తగ్గాయి, బండి సామాన్లు దొరకడం కష్టమైంది. పోయిన ఏడాది అమ్మేద్దామనుకున్నాడు.

అల్లుడు దినేష్ ఫోటోలు తీసి ఫోన్లో ప్రకటన పెట్టాడు. "ఒకే డ్రైవరు చేతి బండి. యాక్సిడెంట్ కానిది" అని రాసి, చదివి వినిపించాడు. నాగేంద్ర విని తల ఊపాడు.

పదిరోజులకు హిందూపురం నుంచి పద్మజ వచ్చింది. ఈ మధ్యే రిటైరైన టీచరు. బానెట్ ఎత్తి చూసింది. చీర మడిచి కూర్చుని, ఫోన్ లైటుతో కారు అడుగు కూడా చూసింది.

"అన్నా, నిజం చెప్పు. ఎప్పుడన్నా యాడన్నా గుద్దినారా దీన్ని?"

"లేదు మేడమ్. ఒక్క గీత గూడా పడలా."

ఆ మాట అంటున్నప్పుడు తన చెయ్యి కుడి మడ్‌గార్డు మీదే ఉందని నాగేంద్ర తర్వాత నాతో చెప్పాడు. ఆ మడ్‌గార్డు కారుతో వచ్చింది కాదు.

1999లో ధర్మవరం పొలిమేరలో, బస్సును దాటబోయి, ఎదురుగా సైకిల్ మీద వస్తున్న కదిరప్ప అనే నేతగాణ్ణి నాగేంద్ర గుద్దాడు. కదిరప్ప కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో మళ్లీ మగ్గం మీద నాడె ఆడలేదు. సావుకారి కారుకు మడ్‌గార్డు మార్పించి, ఆసుపత్రి ఖర్చులు పెట్టుకుని, కేసు కాకుండా సర్దుబాటు చేశాడు. "నువ్వు మాత్రం ఆ పక్కకి పోవాకు" అని నాగేంద్రకు చెప్పాడు. నాగేంద్ర పోలేదు. మొదట్లో భయంతో పోలేదు, ఆ తర్వాత సిగ్గుతో పోలేదు.

పద్మజకు కారు నచ్చింది. "దూరం తోలి చూడాల. ధర్మవరం పోయొద్దాం, నాకు చీర గూడా తీసుకునేది ఉండాది" అంది. నాగేంద్రకు కాదనడానికి సాకు దొరకలేదు.

చీరల అంగడి ముందు కారు ఆపగానే మెట్ల పక్క స్టూలు మీంచి వాచ్‌మన్ లేచి వచ్చాడు. తల నెరిసిన మనిషి. కారు చుట్టూ తిరిగి, కుడి మడ్‌గార్డు దగ్గర ఆగాడు. దాని మీద పెట్టిన కుడి చెయ్యి వంకరగా ఉంది. నాగేంద్ర స్టీరింగు వదల్లేకపోయాడు.

"ఈ కారు నీకు తెలుసా ఏమన్నా?" అని పద్మజ నవ్వుతూ అడిగింది.

"తెలుసమ్మా. సావుకారి కారు గదా."

"కొంటాండా దీన్ని. మంచిదేనా?"

కదిరప్ప నాగేంద్ర ముఖంలోకి చూశాడు. "ఈ దావన పోతాంటే చూసేవాణ్ణి. మంచి బండేనమ్మా" అని, వెళ్లి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

పద్మజ చీర కొనుక్కుని వచ్చేదాకా నాగేంద్ర కారు దిగలేదు. తిట్టి ఉంటే తల వంచుకునేవాణ్ణి, నా అబద్ధాన్ని వాడు మోసినాడే అనుకున్నాడట.

పత్రాలు హిందూపురంలో రాయించుకుందామని పద్మజ అంది. పెనుకొండ దాటారు. సోమందేపల్లిలో ఒక టీ అంగడి పక్కన నాగేంద్ర కారు ఆపేశాడు.

"మేడమ్, ఆ వాచ్‌మన్ చెయ్యి ఇరిగింది ఈ కారు కిందనే. తోలింది నేనే."

సంగతంతా చెప్పాడు. పద్మజ తలుపు తీసి కారు దిగింది.

"గుద్దిన బండని ముందే చెప్పింటే కొనేదాన్నన్నా. ఇప్పుడు నువ్వు ఇంజను గురించి చెప్పింది గూడా నమ్మాలో వద్దో తెలీడం లేదు."

చీర సంచి తీసుకుని, హిందూపురం బస్సెక్కి వెళ్లిపోయింది. కోపంగా కాదు. "వస్తానన్నా" అని కూడా చెప్పింది. అదే ఆయనకు మరీ కష్టమైంది.

మరుసటి వారం నాగేంద్ర బస్సులో ధర్మవరం వెళ్లాడు. దారి అడుగుతూ అడుగుతూ కదిరప్ప ఇల్లు పట్టుకున్నాడు. ఒకటే గది. ఒక మూల మగ్గం మీద కదిరప్ప భార్య చౌడమ్మ నేస్తూ ఉంది.

"ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు కదిరప్పా?"

"చెప్తే నా చెయ్యి బాగయ్యేదా?"

"నా వల్లే గదప్పా నీ బతుకు ఇట్లయింది."

కదిరప్ప తల అడ్డంగా ఊపాడు. "గుద్దడం ఎవురికైనా అయితాది. ఆసుపత్రిలో నెలన్నర పడుంటిని. తలుపు తీసిన ప్రతిసారీ నువ్వొచ్చినావేమో అని చూస్తాంటి. ఒక్కసారన్నా వస్తావనుకుంటి, నాగేంద్రా."

సావుకారి వద్దన్నాడని నాగేంద్ర చెప్పబోయి నోరు మూసుకున్నాడు. సావుకారి చనిపోయి ఎనిమిదేళ్లయినా తాను రాలేదు మరి.

చౌడమ్మ మగ్గం దిగి టీ పెట్టి తెచ్చింది. నాగేంద్ర గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తాగుతున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

కారు ఇంకా అమ్ముడుపోలేదు. ఎవరైనా చూడటానికొస్తే, తాళం ఇచ్చే ముందే కదిరప్ప సంగతి చెబుతున్నాడు. విని కొందరు వెళ్లిపోతున్నారు. ఇదెందుకు మామా అని దినేష్ విసుక్కుంటున్నాడు.