వదిలేసిన స్క్రూ

అందరికీ చొక్కా జేబులో పెన్ను ఉంటే అతనికి టెస్టరు ఉండేది. అసలు పేరు అక్కకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. వీధి వీధంతా టెస్టరుగారనే పిలిచేది.

యాభై ఆరేళ్లు. పెళ్లి కాలేదు. అక్కాబావల ఇంటి మేడగదిలో కాపురం. ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు చేసిన మనిషి గదిలో ఉన్న ఒకే ఒక్క స్విచ్చుకు నల్లటేపు చుట్టి ఉండేది. "ఊరంతా వెలిగిస్తావు, నీ గదిలో మాత్రం తడుముకుంటావు" అని అక్క దెప్పేది.

మంగలి షాపులో సగం గడ్డంతో కూర్చున్నా జనం అతన్ని వదలరు. ఇస్త్రీపెట్టె పెడితే లైటు ఎందుకు మసకబారుతుంది? తీగ మీద పిట్ట చావదు, మనమైతే ఎందుకు చస్తాం? నురగ నోట్లోకి పోతున్నా అతను ఓపిగ్గా చెప్పేవాడు. ఒక్క ప్రశ్నకు మాత్రం కస్సుమని లేచేవాడు.

"లైటు కాస్త మిణుకుమంటోందండీ, పరవాలేదా?"

"పరవాలేదా! ఎక్కడో తీగ వదులైందన్నమాట. వదులు తీగంటే నిప్పుకు పుట్టిల్లు! ముందు మెయిన్ ఆపండి!"

పనిమీద ఎంత శ్రద్ధో అని జనం మెచ్చుకునేవారు. శ్రద్ధ కాదు, సిగ్గు. ఆ కథ ముప్పై ఏళ్ల నాటిది.

అప్పుడతనికి ఇరవై ఆరు. ఒక పోస్టుమాస్టరుగారి కొత్త ఇంటికి వైరింగు చేస్తున్నాడు. పోస్టుమాస్టరుగారి అమ్మాయి నిచ్చెన కింద నిలబడి ప్రశ్నలు వేసేది. మామూలుగా ఆడపిల్లలు నిచ్చెన కింద నిలబడితే కుర్ర ఎలక్ట్రీషియను చేతిలో పట్టకారు జారుతుంది. ఇతనికి రోజుకు మూడుసార్లు జారేది.

"ప్లగ్గుకు మూడో కాలు ఎందుకండీ అంత పొడుగు?"

"అది ఎర్తు. ముందు తగలాలి, చివర ఊడాలి. ఆపదలో కాచేవాడు అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక పోవాలి కదండీ."

ఆ అమ్మాయి ఊరికే తలూపే రకం కాదు. స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, మెయిన్ ఆపి, బోర్డు తనే విప్పి చూసేది. తన పద్ధతి కూడా అతను నేర్పాడు. బోర్డు విప్పినవాళ్లు మూత లోపలి వైపు పెన్సిలుతో తేదీ వేసి, ఏం చేశారో రాయాలి. పనేమీ చేయకపోతే తేదీ ఒక్కటే వేయాలి. తర్వాత విప్పేవాడు గుడ్డివాడిలా తడుముకోకూడదు.

పదకొండు రోజుల్లో పని అయిపోయింది. ఇంకొక్క రోజు సాగదీద్దామంటే విప్పడానికి బోర్డు లేదు. అప్పుడు చేశాడు, వృత్తిలో ఎవడూ చేయకూడని పని. మెట్ల దగ్గరి బోర్డులో ఒక స్క్రూను అర చుట్టు వదులుగా వదిలేశాడు. వారంలో లైటు మిణుకుమంటుంది, పోస్టుమాస్టరుగారు కబురు పెడతారు, తను వెళ్తాడు, ఆ అమ్మాయి నిచ్చెన పట్టుకుంటుంది. ఈసారి ప్రశ్న తను అడుగుతాడు.

కబురు రాలేదు. వారం, నెల. ఇల్లు కాలిపోలేదు కదా అని రోజూ ఆ వీధిలోంచి సైకిలు మీద వెళ్లి చూసుకునేవాడు. వెళ్లి తప్పు ఒప్పుకుందామంటే మొహం చెల్లలేదు. కొన్నాళ్లకు ఆ అమ్మాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని విన్నాడు. సైకిలు దారి మార్చుకుంది. మనసు మార్చుకోలేదు.

ఇన్నేళ్లకు ఒక చలికాలం పొద్దున ఫోను మోగింది. "గీజరు వేయగానే ఇంట్లో కరెంటంతా పోతోందండీ" అంది ఒకావిడ. ఇల్లెక్కడో చెప్పింది. అదే ఇల్లు.

అక్క మెట్ల దగ్గర ఆపేసింది. "గీజరు బాగుచెయ్యడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా? దానికేమైనా పెళ్లిచూపులా?"

తలుపు తీసింది పోస్టుమాస్టరుగారి కోడలు. గీజరు విప్పితే తెలిసింది, లోపలి రాడ్డు చిల్లిపడి కరెంటు నీళ్లలోకి కారుతోంది. "మెయిన్ పడిపోవడం దాని తప్పు కాదమ్మా, మిమ్మల్ని కాచింది" అని చెప్పి కొత్త రాడ్డు బిగించాడు. గంటలో పనైపోయింది.

అతని కళ్లు మాత్రం మెట్ల దగ్గరే ఉన్నాయి. ఇల్లంతా కొత్త స్విచ్చులు, అక్కడొక్కటే ఆ పాత చెక్కబోర్డు.

"అది మార్చలేదేంటమ్మా?"

"మా ఆడపడుచు మార్చనిస్తేగా! పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఈ కరెంటు పాఠాలే చెబుతుంది. వేసవి సెలవులకు వస్తే స్క్రూడ్రైవరు పట్టుకుని ముందు దాన్నే విప్పుతుంది. అదేం పిచ్చో! ఇప్పుడు తనుంటే మిమ్మల్ని పిలిచేదాన్నే కాదు. వేసవిదాకా చన్నీళ్లు పోసుకోలేక పిలిచాను."

సెలవులకు ఒక్కరే వస్తారా అని అడగాలనుకున్నాడు. "అక్కడ ఎన్ని వాట్ల బల్బమ్మా?" అని అడిగాడు.

"ఏమోనండీ. పాలు పొంగుతున్నట్టున్నాయి" అంటూ ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది.

గీజరుకూ ఆ బోర్డుకూ ఏ సంబంధమూ లేదు. అయినా మెయిన్ ఆపి మూత విప్పాడు. ముందు స్క్రూనే పట్టి చూశాడు. రాయిలా బిగిసి ఉంది.

మూత వెలుగులోకి తిప్పాడు. పైన తన రాత, "పని పూర్తి" అన్న అబద్ధం. దాని కింద గుండ్రటి అక్షరాలు. తొమ్మిది రోజుల తర్వాతి తేదీ. "లైటు మిణుకుమంది. స్క్రూ వదులు. బిగించాను."

బాగానే నేర్పావురా, అనుకున్నాడు. నేర్పకపోతే కబురొచ్చేది.

దాని కింద, ఆ తర్వాత నాలుగో రోజు తేదీ. "నేనే మళ్లీ వదులు చేశాను."

ఇంకా కింద, మూడు వారాల తర్వాత. "నాన్న రెండుసార్లు బల్బు మార్చారు. ఎవరినీ పిలవలేదు. బిగించాను."

అక్కడినుంచి మాటలు లేవు. తేదీలే. దాదాపు ఏడాదికొకటి, వరసగా, మూత అంచు దగ్గరిదాకా. ఆఖరిది మొన్నటి వేసవిది.

పనేమీ చేయకపోతే తేదీ ఒక్కటే వేయాలి.

మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇల్లు కాలిందా లేదా అని అతను రోజూ ఈ గోడకు బయటినుంచి చూసి వెళ్లాడు. అదే గోడకు లోపలివైపు ఇది ఉంది.

చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు. మూత మీద మిగిలింది వేలెడు చోటు. తేదీ వేశాడు. "మొదట వదిలింది నేనే. కావాలనే." కింద ఫోను నంబరు రాశాడు. ఇరవై ఏళ్లుగా వాడుతున్న నంబరులో ఒక అంకె తప్పు పడింది. కొట్టేసి మళ్లీ రాశాడు.

"అక్కడేం రాస్తున్నారండీ?" కోడలుగారు వెనకే వచ్చి నిలబడింది.

మూత చటుక్కున మూసేశాడు. "పని వివరమమ్మా. విప్పినవాళ్లు రాయాలి."

"మా ఆడపడుచూ అచ్చం ఇదే అంటుంది. జాగ్రత్త, తను చూసిందంటే తప్పులు పడుతుంది."

"పట్టనివ్వండమ్మా."

నాలుగు స్క్రూలూ బిగించాడు. దేన్నీ వదులుగా వదల్లేదు. మెయిన్ వేస్తే మెట్ల లైటు రెప్ప వేయకుండా వెలిగింది.

"ఇంక మిమ్మల్ని మళ్లీ పిలవాల్సిన పని పడదుగా?"

"గీజరు వరకూ పడదమ్మా" అన్నాడు.

గేటు దాటాక వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. వేసవి సెలవులకు ఇంకా నాలుగు.